సీఈఏ పెరిగింది షుగర్ వల్లేనా?

మీ నాయన డాక్టరుగారు చెప్పింది సరైన మాటే. కాకపోతే ఓపీలో టైము లేక సగమే చెప్పినట్టున్నారు. మిగతా సగం నాకు తెలిసినంతలో చెప్తాను. నేను డాక్టర్ని కాదు, బయోకెమిస్ట్‌ని. నెల్లూరు పొగతోటలో ల్యాబ్ రిపోర్టుల కింద సంతకాలు పెట్టీ పెట్టీ రిటైరైనవాణ్ణి. మందుల మోతాదులు నన్నడగొద్దు. ఆ అంకె ఎక్కణ్ణించి వచ్చింది, దాన్ని ఎంతవరకు నమ్మొచ్చు అన్నది మాత్రం చెప్పగలను.

మిగతా వాళ్ల కోసం మీ ప్రశ్న క్లుప్తంగా: కొండపి దగ్గర పొగాకు రైతు, 61 ఏళ్లు, చాలా ఏళ్లుగా షుగర్. పోయినేడు పెద్దపేగు క్యాన్సర్‌కి ఆపరేషన్, మూడో స్టేజి, తర్వాత కీమో కూడా పూర్తయింది. సీఈఏ (ఈ క్యాన్సర్ తిరగబెట్టిందేమో చూడ్డానికి రక్తంలో కొలిచే మార్కర్, అంటే గుర్తు పదార్థం) ఆపరేషన్‌కి ముందు 18.6, తర్వాత 2.9, ఆ తర్వాత 3.3, ఇప్పుడు 5.6. ఎవరో చెప్తే కొత్తగా చేయించిన సీఏ 19-9 అనే ఇంకో మార్కర్ ఏమో 54. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే పరీక్ష) 10.4, హిమోగ్లోబిన్ 9.8. చుట్ట మానేశాడనుకుంటే మళ్లీ మొదలుపెట్టాడు. డాక్టరు "ముందు షుగర్ దించండి, నెల తర్వాత మళ్లీ చూద్దాం" అన్నారు. షుగర్‌కీ క్యాన్సర్ మార్కర్‌కీ ఏంది సంబంధం, మమ్మల్ని ఊరడించడానికి అన్నారా అని మీ అనుమానం. పంచదార తింటే క్యాన్సర్ పెరుగుతుందా అని ఒకటి, మీరు కూడా సీఈఏ చేయించుకోవాలా అని ఇంకొకటి.

సంబంధం ఉంది. ఊరడింపు మాట కాదు.

మన కణాల పైపొర మీదా, కణాలు రక్తంలోకి వదిలే ప్రోటీన్ల మీదా చక్కెర గొలుసులు అతుక్కుని ఉంటాయి. కాఫీలో వేసుకునే చక్కెర కాదు ఇది. గెలాక్టోజ్, మానోజ్, ఫ్యూకోజ్, సియాలిక్ ఆమ్లం లాంటి రకరకాల ముక్కలు వరసగా చేరితే ఒక గొలుసు. ఏ ముక్క తర్వాత ఏ ముక్క తగిలించాలో ఎంజైములు చూసుకుంటాయి. కణం క్యాన్సర్ దారి పట్టినప్పుడు ఈ అల్లిక తప్పుతుంది. కొన్ని గొలుసులు పూర్తవకుండానే ఆగిపోతాయి, కొన్నింటికి కొమ్మలు ఎక్కువ వస్తాయి, కొన్నింటి కొసన సియాలిక్ ఆమ్లం అతిగా చేరుతుంది. మనం రక్తంలో వెతికే మార్కర్లు చాలావరకు ఈ తేడాల నుంచి పుట్టినవే.

సీఏ 19-9 అంటే అచ్చంగా అలాంటి ఒక గొలుసే. నాలుగే ముక్కలు, పేరు సియాలిల్ లూయిస్-ఎ. అమెరికాలో ఫిలడెల్ఫియాలోని విస్టార్ ఇన్‌స్టిట్యూట్‌లో కోప్రోవ్‌స్కీ బృందం పెద్దపేగు క్యాన్సర్ కణాలను ఎలుకలకు ఎక్కించి తయారుచేసిన యాంటీబాడీతో 1979లో ఇది లోకానికి తెలిసింది. ఇవాళ అందరూ పాంక్రియాస్ మార్కర్ అంటున్నారుగానీ, దీని పుట్టిల్లు పెద్దపేగే. ఆరోగ్యంగా ఉన్న పేగు కణాలు ఇదే గొలుసుకి ఇంకో సియాలిక్ ముక్క చేర్చి పూర్తిచేస్తాయి. క్యాన్సర్ కణం ఆ రెండోదాన్ని చేర్చలేక మధ్యలో వదిలేస్తుంది. అలా వదిలేసిన రూపమే మనకి 19-9గా దొరుకుతుంది.

సీఈఏ వేరు. 1965లో మాంట్రియల్‌లో గోల్డ్, ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు కనిపెట్టిన ప్రోటీన్ అది. దాని బరువులో సగం దాకా చక్కెర గొలుసులదే. కానీ ల్యాబులో వాడే యాంటీబాడీలు ఎక్కువగా పట్టుకునేది దాని ప్రోటీన్ భాగాన్ని. అంటే సీఏ 19-9 పరీక్ష చక్కెర గొలుసునే లెక్కపెడుతుంది, సీఈఏ పరీక్ష చక్కెర తొడుక్కున్న ప్రోటీన్‌ని లెక్కపెడుతుంది. ఈ తేడా కాస్త గుర్తుపెట్టుకోండి, మీ నాయన రిపోర్టు చదివేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు షుగర్ సంగతి. కణంలోకి వచ్చిన గ్లూకోజ్‌లో ఎక్కువ భాగం శక్తి కోసం ఖర్చయిపోతుంది. కొంచెం, పాత లెక్కల ప్రకారం నూటికి రెండు మూడు పాళ్లు, పక్కదారి పడుతుంది. దాన్ని హెక్సోసమైన్ దారి అంటారు. జీఫ్యాట్ అనే ఎంజైమ్ గ్లూకోజ్ నుంచి వచ్చిన ముక్కకి గ్లూటమిన్ నుంచి తీసుకున్న నత్రజనిని తగిలిస్తుంది. మరికొన్ని మెట్లు దాటాక యూడీపీ-గ్లూక్‌నాక్ అనే పదార్థం తయారవుతుంది. గొలుసులు అల్లడానికి కావాల్సిన ముడిసరుకుల్లో ముఖ్యమైంది ఇదే. సోమశిల డ్యామ్ నుంచి పెద్ద కాలువకి నీళ్లు ఎక్కువ వదిలితే ఎవరూ తూము ముట్టుకోకపోయినా పిల్లకాలువల్లో మట్టం పెరుగుతుంది గదా, ఇక్కడ జరిగేదీ అదే. రక్తంలో గ్లూకోజ్ నెలల తరబడి 250 దగ్గర ఉంటే ఈ పక్కదారిలోకీ ఎక్కువ పడుతుంది. జీఫ్యాట్‌కి సొంత అదుపు లేకపోలేదు. చివర్లో సరుకు పేరుకుంటే అది తన వేగం తగ్గించుకుంటుంది. క్యాన్సర్ కణాల్లో మాత్రం ఈ అదుపు చాలాసార్లు సరిగ్గా పనిచేయదు. పైగా కండరాలకి గ్లూకోజ్ లోపలికి రావాలంటే ఇన్సులిన్ కావాలి, క్యాన్సర్ కణానికి అక్కర్లేదు. రక్తంలో ఎంత ఉంటే అంతా లాక్కోవడానికి దాని తలుపులు తెరిచే ఉంటాయి.

ఆ యూడీపీ-గ్లూక్‌నాక్ మూడు చోట్ల ఖర్చవుతుంది, మూడూ మన కథలోవే. మొదటిది గొలుసుల కొమ్మలు. ఎంగాట్-5 అనే ఎంజైమ్ గొలుసుకి అదనపు కొమ్మ పెడుతుంది, పెద్దపేగు క్యాన్సర్ పాకే గుణంతో దీనికి సంబంధం ఉందని ఎప్పట్నించో తెలుసు. ముడిసరుకు పుష్కలంగా ఉంటేగానీ ఈ ఎంజైమ్ చురుగ్గా కదలదు. కాబట్టి సరఫరా పెరిగితే కొమ్మలూ పెరుగుతాయి. రెండోది సియాలిక్ ఆమ్లం. అది తయారయ్యేదే ఈ యూడీపీ-గ్లూక్‌నాక్ నుంచి. సియాలిల్ లూయిస్ గొలుసులు ఎక్కువున్న క్యాన్సర్ కణం రక్తంలో కొట్టుకుపోతూ రక్తనాళం గోడ మీద ఉండే ఇ-సెలెక్టిన్ అనే పట్టుకి తగులుకుంటుంది. పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి చేరడంలో ఈ తగులుకోవడం ఒక మెట్టు.

మూడోదే నాకు అన్నిటికన్నా ఆసక్తికరం. 1984లో టోరెస్, హార్ట్ అనే శాస్త్రవేత్తలు బయటపెట్టారు దీన్ని. కణం బయట కాదు, లోపల, కేంద్రకంలో ఉన్న ప్రోటీన్లకి కూడా గ్లూక్‌నాక్ ఒక్కటే ఒక్క ముక్కగా అంటుకుంటుంది. అంటించే ఎంజైమ్ ఒకటి, తీసేసే ఎంజైమ్ ఒకటి, అంతే. గ్లూకోజ్ ఎక్కువైతే ఈ అంటింపులు ఎక్కువవుతాయి. పెద్దపేగు క్యాన్సర్‌లో బీటా-క్యాటెనిన్ అనే ప్రోటీన్ చాలా కీలకం. మామూలుగా కణం దాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తుంటుంది. ఈ క్యాన్సర్లలో చాలావాటిలో ఏపీసీ అనే జన్యువు దెబ్బతిని ఆ విరగ్గొట్టే పని అసలే మందగించి ఉంటుంది. బీటా-క్యాటెనిన్ మీద గ్లూక్‌నాక్ వచ్చి కూర్చుంటే, విరగ్గొట్టమని గుర్తు పెట్టాల్సిన చోటుని అది ఆక్రమిస్తుంది. బీటా-క్యాటెనిన్ ఇంకా ఎక్కువసేపు బతుకుతుంది, కణాన్ని విభజించుకో విభజించుకో అని తరుముతుంది.

ఇదంతా కాగితం మీద బాగానే ఉంది, నిజంగా జరుగుతుందా అంటే, ఎలుకల్లో జరిగింది. బ్రెజిల్ శాస్త్రవేత్తలు 2017లో ప్రచురించిన పనిలో ఎలుకలకు షుగర్ జబ్బు తెప్పించి, పెద్దపేగు క్యాన్సర్ కణాలు ఎక్కించారు. షుగర్ ఉన్న ఎలుకల్లో కణితి ఎక్కువగా పెరిగింది, గొలుసుల అల్లిక ఎక్కువగా తప్పింది. జీఫ్యాట్‌ని అణిచేస్తే ఆ దూకుడు తగ్గింది. అంటే దారి హెక్సోసమైన్ దారే అని తేలింది.

అయితే ఇక్కడే ఒక మాట. గాజుపాత్రల్లో కణాలు పెంచి చేసే ప్రయోగాల్లో "హై గ్లూకోజ్" అంటే సాధారణంగా 25 మిల్లీమోల్. మన లెక్కలో అది 450. రాత్రీ పగలూ 450. మనిషి ఒంట్లో షుగర్ తిన్నప్పుడు ఎక్కుతుంది, మాత్ర వేసుకుంటే దిగుతుంది. యూట్యూబ్‌లో "షుగర్ క్యాన్సర్‌కి ఆహారం" అని భయపెట్టేవాళ్లు ఈ తేడా చెప్పరు. మనుషుల్లో గట్టిగా తెలిసిందేమంటే, టైప్-2 షుగర్ ఉన్నవాళ్లకి పెద్దపేగు క్యాన్సర్ వచ్చే అవకాశం లేనివాళ్లకన్నా ఇరవై ముప్పై శాతం ఎక్కువ. అందులో గ్లూకోజ్ వాటా ఎంత, ఒంట్లో ఎక్కువగా తిరిగే ఇన్సులిన్ వాటా ఎంత, పొట్ట చుట్టూ కొవ్వు వాటా ఎంత అని విడదీయడం అంత తేలిక కాదు.

సరే, మీ నాయన కాగితాల దగ్గరికొద్దాం.

ముందు సీఏ 19-9. షుగర్ అదుపు తప్పినవాళ్లలో క్యాన్సర్ ఏమీ లేకపోయినా ఇది కొంచెం పెరుగుతుంది, షుగర్ దిగితే దిగుతుంది. ఇది చాలామంది చూసిన విషయమే. కారణం ఏందంటే, ఈ గొలుసుని పాంక్రియాస్ నాళాల కణాలు, పైత్యనాళాల కణాలు మామూలుగానే తయారుచేస్తాయి. షుగర్ జబ్బులో పాంక్రియాస్ ఒత్తిడిలో ఉంటుంది. 37 దాకా మామూలు, అదే గీత అనుకుంటే 54 అంటే కొండెక్కిన అంకె కాదు. అదీగాక మీ నాయనకి ఇంతకుముందు ఎప్పుడూ ఈ పరీక్ష చేయలేదు, కాబట్టి "పెరిగింది" అనడానికే లేదు. ఆపరేషన్‌కి ముందు కూడా 54 ఉండేదేమో ఎవరికి తెలుసు? పెద్దపేగు క్యాన్సర్‌ ఫాలోఅప్‌లో సీఏ 19-9 ప్రతిసారీ చేయించాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2006 మార్గదర్శకాల్లో కూడా చెప్పలేదు, తగిన ఆధారాలు లేవనే అంది. దాదాపు నూటికి ఐదు నుంచి పదిమందికి పుట్టుకతోనే లూయిస్ గొలుసు తయారుచేసే ఎంజైమ్ ఉండదు. వాళ్లలో క్యాన్సర్ ఎంత ముదిరినా ఈ అంకె లేవదు. ఎవరో చెప్పారని ప్యాకేజీలో కలిపి చేయించే మార్కర్లతో వచ్చే తలనొప్పి ఇదే.

కానీ ఒకటి మాత్రం కొట్టిపారేయకండి. షుగర్ సీఏ 19-9ని పెంచిందా, లేక మూడోది ఏదో ఈ రెండింటినీ పెంచిందా? చాలా ఏళ్లుగా మాత్రలతో మాట విన్న షుగర్ ఏ కారణమూ లేకుండా ఉన్నట్టుండి ఎక్కి, మనిషి బరువు తగ్గుతూ ఉంటే, పాంక్రియాస్‌ని ఒకసారి స్కాన్‌లో చూడాలి. మీ నాయన విషయంలో షుగర్ ఎక్కడానికి కారణం కనిపిస్తూనే ఉంది. కీమోతోపాటు వాంతులు రాకుండా డెక్సామెథసోన్ ఇస్తారు, అది స్టెరాయిడ్, షుగర్‌ని బాగా ఎక్కిస్తుంది. ఆ తర్వాత ఇన్సులిన్ అంటే భయపడి వాయిదా వేశారని మీరే రాశారు. అయినా బరువు గురించి మీరేమీ రాయలేదు. ఇంట్లో ఉంటే తూచండి, లేకపోతే ఎరువుల కొట్లో కాటా మీదైనా నిలబెట్టండి. డాక్టరుకి ఆ అంకె చెప్పండి.

ఇక సీఈఏ. షుగర్ అదుపులో లేనివాళ్లలో ఇది కూడా కాస్త ఎక్కువ ఉండటం చూశారు, హెచ్‌బీఏ1సీతోపాటు ఎక్కడం కూడా చూశారు. ఎక్కడం అంటే పదులు ఇరవైలు కాదు, ఒకటీ రెండూ పాయింట్లు. రక్తంలోంచి సీఈఏని తీసేసేది కాలేయం. షుగర్ ఉన్నవాళ్లలో చాలామందికి కాలేయంలో కొవ్వు ఉంటుంది, తీసేసే పని నెమ్మదిస్తుంది. దాని మీద చుట్ట. పొగతాగనివాళ్లకి 3 దాకా మామూలనుకుంటే పొగతాగేవాళ్లకి 5 దాకా మామూలే అంటారు. మన ప్రకాశం, నెల్లూరు పల్లెల్లో ఈ ముక్క ఎవరూ అడగరు, రోగీ చెప్పడు. పొలంలో పొగాకు, ఆకు కాల్చే బ్యారన్ దగ్గర రాత్రి కాపలా, చేతిలో చుట్ట, ఇవి కలిసే ఉంటాయి గదా. మీ నాయనకి 2.9 వచ్చినప్పుడు ఆపరేషన్ అయిన కొత్త, చుట్ట మానేసి ఉన్నాడు. ఇప్పుడు తాగుతున్నాడు. ఆ ఒక్కదానికే ఒక పాయింటు పెరిగినా ఆశ్చర్యం లేదు.

ఇంకొకటి మీరు పెట్టిన ఫోటోల్లో నాకు కనిపించింది. రిపోర్టులో అంకె పక్కన చిన్న అక్షరాల్లో "మెథడ్" అని ఉంటుంది, చూడండి. 3.3 వచ్చిన రిపోర్టులో ఒక పద్ధతి, 5.6 వచ్చిన రిపోర్టులో ఇంకోటి. మొదటిది ఒంగోల్లోనే చేశారు. రెండోది కలెక్షన్ సెంటర్‌లో తీసుకుని మద్రాసు పంపారు. కంపెనీ మారితే యాంటీబాడీ మారుతుంది, యాంటీబాడీ మారితే అంకె మారుతుంది. సీఏ 19-9లో ఈ తేడా మరీ ఎక్కువ. 3.3కీ 5.6కీ మధ్య ఎంత మీ నాయనలో జరిగిందో, ఎంత మిషన్ మారడం వల్ల జరిగిందో ఈ రెండు కాగితాలతో ఎవరూ తేల్చలేరు. ల్యాబుల వాళ్లు ఈ మాట పెద్దక్షరాల్లో వెయ్యాలని నేను సర్వీసులో ఉన్నంతకాలం పోరాను, వెయ్యలేదు.

అలాగని ఇదంతా షుగర్, చుట్ట, మిషన్ ఖాతాలో రాసేసి కూర్చుంటే మాత్రం పప్పులో కాలేసినట్టే. తిరగబెట్టడాన్ని సీఈఏ ఎంతవరకు పట్టుకుంటుందో 2015లో కాక్రేన్ సమీక్ష (అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసేది) లెక్కగట్టింది. 5 గీత పెట్టుకుంటే, తిరగబెట్టిన వందమందిలో 71 మందికి అంకె గీత దాటుతుంది. తిరగబెట్టని వందమందిలో 12 మందికి ఊరకే దాటుతుంది. గీత 10కి జరిపితే ఊరకే దాటేవాళ్లు వందకి ముగ్గురే. మీ నాయన 5.6తో సరిగ్గా ఈ తేలని మధ్యలో ఉన్నాడు. మూడో స్టేజి, ఆపరేషన్ అయి రెండేళ్లు కూడా నిండలేదు. తిరగబెట్టేది ఉంటే ఎక్కువగా ఈ రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది. షుగర్ వల్ల సీఈఏ పెరగొచ్చు అన్నది నిజం, షుగర్ ఉన్నవాడికి క్యాన్సర్ తిరగబెట్టదు అని దానర్థం కాదు. పైన చెప్పిన హెక్సోసమైన్ కథ నిజమైతే, ఎక్కడైనా మిగిలిపోయిన కణం ఉంటే దానికి ఎక్కువ షుగర్ మేలే చేస్తుంది.

అందుకే డాక్టరు నెల అన్నారు. నా ఉద్దేశంలో ఆ నెలలో జరగాల్సింది ఇది. షుగర్ దించాలి, డాక్టరు ఇన్సులిన్ అంటే ఇన్సులిన్ పెట్టాలి. ఇన్సులిన్ మొదలుపెడితే ఇక అంతే సంగతులు అని ఊళ్లో అనే మాటలు చెవిన పెట్టకండి. చుట్ట మానిపించాలి, తగ్గిస్తాననడం కాదు, మానాలి. నెల తర్వాత సీఈఏ పాత ఒంగోలు ల్యాబులోనే, అదే పద్ధతిలో చేయించండి. పొద్దున్నే పరగడుపున ఇవ్వాలన్న నియమం దీనికి లేదు. జుట్టు రాలుతుందనో గోళ్లు విరుగుతున్నాయనో బయోటిన్ ఉన్న మాత్రలు వాడుతుంటే రెండు మూడు రోజుల ముందు ఆపి, ఆ సంగతి ల్యాబులో చెప్పండి. కొన్ని మిషన్లలో ఎక్కువ మోతాదు బయోటిన్ ఉంటే సీఈఏ అంకె ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది, లేని ధైర్యం ఇస్తుంది. కీమో జరుగుతున్నప్పుడు కూడా సీఈఏ ఒక్కోసారి ఎక్కి దిగుతుంది, కానీ మీ నాయన కీమో అయిపోయి నెలలైంది, ఆ సాకు ఇప్పుడు చెల్లదు.

షుగర్ దిగిందా లేదా అని నెలకే హెచ్‌బీఏ1సీ చేయించకండి. అది రెండు మూడు నెలల సగటు. ఎర్ర రక్తకణం బతికే 120 రోజుల్లో దానికి తనంతట తానే అంటుకునే గ్లూకోజ్‌ని అది కొలుస్తుంది, ఇందులో ఎంజైమ్ ప్రమేయం లేదు. ఇందాక చెప్పిన గొలుసుల అల్లికతో దీన్ని కలిపేసుకోకండి. ఇంకో చిక్కు ఉంది. మీ నాయనకి హిమోగ్లోబిన్ 9.8. పేగు ఆపరేషన్ అయినవాళ్లలో, రక్తం పోయినవాళ్లలో ఐరన్ లోపం మామూలే. ఐరన్ లోపంలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. రక్తం ఎక్కిస్తే తక్కువ చూపిస్తుంది. ఫార్ములా ప్రకారం 10.4 అంటే సగటు షుగర్ 250 చుట్టూ ఉండాలి. ఇంట్లో గ్లూకోమీటరు చూపిస్తున్నవి 190, 210 అని రాశారు. రెండూ కలవడం లేదు. నా మటుకు నేను మీటరునే నమ్ముతాను, హెచ్‌బీఏ1సీలో కొంత రక్తహీనత వాటా ఉండొచ్చు. తిన్న తర్వాత కూడా చూస్తున్నారా, పరగడుపునే చూసి వదిలేస్తున్నారా అన్నది మీరే చెప్పాలి. ఫ్రక్టోసమైన్ అని ఒక పరీక్ష ఉంది, రెండు మూడు వారాల సగటు చెప్తుంది, హిమోగ్లోబిన్‌తో పనిలేదు. నెల్లూరు, ఒంగోలు ల్యాబులు బయటికి పంపి చేయిస్తాయి. డాక్టర్ని అడగండి. అసలు హిమోగ్లోబిన్ 9.8 ఎందుకుందో కూడా అడగండి, అది సీఈఏ కన్నా చిన్న విషయమేం కాదు. ఒంట్లో ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ చూశారా? మలంలో రక్తం పోతుందా? ఆపరేషన్ తర్వాత ఏడాదికి చేయాల్సిన కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అయిందా? మీరు పంపిన కాగితాల్లో నాకు అది కనిపించలేదు.

నెల తర్వాత అంకె 4కి దిగితే మంచిదే, అయినా మళ్లీ మూడు నెలలకి చూడాలి. మొదటి రెండేళ్లు మూడు నుంచి ఆరు నెలలకోసారి, తర్వాత ఐదేళ్లు నిండేదాకా ఆరు నెలలకోసారి అన్నది మామూలు పద్ధతి. షుగర్ దిగి, చుట్ట మానేసి, అదే ల్యాబులో మళ్లీ 5.6 కన్నా ఎక్కితే, ఉదాహరణకి 8 అయితే, ఇక షుగర్ పేరు ఎత్తకుండా స్కాన్‌కి వెళ్లండి. ఆ మధ్యలోనే కడుపులో నొప్పి, విరోచనం తీరు మారడం, కామెర్లు, బరువు తగ్గడం ఏది కనిపించినా నెల ఆగనవసరం లేదు. మీకు మద్రాసు వెళ్లడం తేలికో, గుంటూరు తేలికో మీ ఇష్టం, పాత బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ సమ్మరీ, అన్ని సీఈఏ కాగితాలూ తారీఖుల వరసన ఒక ఫైల్లో పెట్టి తీసుకెళ్లండి. కొత్త డాక్టరు మొదట అడిగేది అవే.

పెట్ స్కాన్ అంటే మాత్రం షుగర్ మళ్లీ అడ్డొస్తుంది. ఆ స్కాన్‌లో ఎక్కించేది ఎఫ్‌డీజీ, అంటే రేడియోధార్మికత తగిలించిన గ్లూకోజ్ లాంటిదే. రక్తంలో మామూలు గ్లూకోజ్ ఎక్కువుంటే కణం దగ్గర రెండూ పోటీపడతాయి, కణితి సరిగ్గా వెలగదు. 200 దాటితే చాలా సెంటర్లలో ఆ రోజు చేయకుండా వెనక్కి పంపేస్తారు. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వాడేవాళ్లలో పేగు అంతా వెలుగుతుంది, మీ నాయనకి చూడాల్సిందే పేగు. డాక్టరు చెప్తే రెండు రోజుల ముందు ఆపాలి, సొంతంగా ఆపకండి. మామూలు సీటీకి కాంట్రాస్ట్ ఎక్కిస్తారు కాబట్టి ముందు క్రియాటినిన్ చూస్తారు. షుగర్ చాలాకాలంగా ఉంది, కిడ్నీ కూడా చూసుకోవాలి గదా.

కాళ్లు తిమ్మిరి అని ఒక వాక్యం రాసి వదిలేశారు. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు నరాలని దెబ్బతీస్తుంది, షుగర్ కూడా దెబ్బతీస్తుంది. రెండూ కలిసిన కాళ్లతో చెప్పుల్లేకుండా పొలంలోకి వెళ్లనివ్వకండి. ముల్లు గుచ్చుకున్నా తెలియదు.

పంచదార మాటకొస్తే, పంచదార తింటే అది నేరుగా పోయి క్యాన్సర్ కణాన్ని పోషిస్తుందన్నది నిజం కాదు. పూర్తిగా మానేస్తే కణం ఆకలితో చస్తుందన్నదీ నిజం కాదు, ఎందుకంటే మనం ఏమీ తినకపోయినా కాలేయం గ్లూకోజ్ తయారుచేసి రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. కావాల్సింది రక్తంలో అంకె అదుపులో ఉండటం. మన నెల్లూరు వాళ్లకి పంచదార కన్నా అన్నంతోనే ఎక్కువ తంటా. మూడు పూటలా బియ్యమే, పొద్దున దోసెలు, మధ్యాహ్నం గుట్టంత అన్నం, రాత్రి మళ్లీ. అన్నం సగానికి తగ్గించి ఆ చోట పప్పు, గుడ్డు, చేప పెట్టండి. బొమ్మిడాయిల పులుసు ఎంతైనా తిననివ్వండి, దాంతోపాటు వెళ్లే అన్నం మీద కన్నేయండి. క్యాన్సర్ ఆపరేషన్ అయినాయన బక్కచిక్కకూడదు. షుగర్ భయంతో కడుపు మాడ్చడం, "క్యాన్సర్‌కి తిండి పెట్టకూడదు" అని గోధుమగడ్డి రసం మీద ఉంచడం, రెండూ నేను చూశాను. రెండింట్లోనూ కండ కరిగిపోతుంది, తర్వాత మందు తట్టుకోలేరు.

మీ సంగతి. 36 ఏళ్లు, షుగర్ బార్డర్‌లో ఉంది, సీఈఏ చేయించుకోవాలా అన్నారు. వద్దు. జబ్బు లేనివాళ్లలో క్యాన్సర్ వెతకడానికి అది పనికిరాదు. మొదటి దశ క్యాన్సర్లలో చాలావాటికి సీఈఏ మామూలుగానే ఉంటుంది, 2 వచ్చిందని ధైర్యంగా ఉండి మోసపోతారు. షుగర్ వల్లనో గ్యాస్ట్రిక్ మంట వల్లనో 4.5 వచ్చిందనుకోండి, నిద్రలేని రాత్రులు. మీ నాయనకి అరవై దగ్గర్లో వచ్చింది కాబట్టి మీకూ, మీ అక్కకీ కావాల్సింది కొలనోస్కోపీ. 40 ఏళ్లకి, లేదా నాయనకి తేలిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందొస్తే అప్పుడు మొదటిది, తర్వాత ఐదేళ్లకోసారి. మధ్యలో విరోచనంలో రక్తం కనిపిస్తే నలభై వచ్చేదాకా ఆగొద్దు, మొలలని మందు పూసేవాళ్ల దగ్గరికీ పోవద్దు. ముందురోజు పేగు ఖాళీ అవడానికి తాగించే ద్రావణం ఉప్పుగా, జిగటగా ఉంటుంది, చల్లబరిచి తాగితే దిగుతుంది. ఆ రోజంతా అన్నం ఉండదు కాబట్టి అప్పటికి షుగర్ మాత్రలు మొదలైతే ఏవి ఆపాలో ముందే అడగండి. ముఖ్యంగా డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటివైతే మూడు నాలుగు రోజుల ముందే ఆపమంటారు.